సున్నా కాదు, అడ్డగీత

పదహారు పంజరాలకు పదహారు జతల సీసాలు. పదిహేడో పంజరంలో ఎలుక లేదు, అయినా దానికీ ఒక జత తగిలించాలి. గొట్టం చివర గోలీ ఎంత బిగువుగా ఉన్నా, ఎవరూ మూతి పెట్టకపోయినా, రోజుకు ఒక గ్రాము అటూ ఇటుగా కారిపోతుంది. ఆ కారింది తీసేస్తే గాని ఎలుక నిజంగా ఎంత తాగిందో తేలదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శశికళకు ఇది వింతగా తోచింది. ఇప్పుడు ఇంట్లో బిందె కింద చెమ్మ కనబడినా ఎంత పోయి ఉంటుందా అని చూస్తుంది.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక ప్రైవేటు పరిశోధన సంస్థ ఉంది. దాని మూడో అంతస్తులో ఎలుకల గది. పొద్దున పదింటికి ఆమె పని మొదలవుతుంది. సీసా తీస్తుంది. గొట్టం కొసను బట్టతో ఒకసారి తుడుస్తుంది. కాంటా మీద పెట్టి, అంకె అటూ ఇటూ ఊగి నిలబడేదాకా ఊపిరి బిగబట్టుకుంటుంది. రిజిస్టరులో రాస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు నిన్న ఎడమన ఉన్నదాన్ని కుడివైపు, కుడివైపుదాన్ని ఎడమన పెడుతుంది. లేకపోతే ఎలుక రుచికి కాక చోటుకి అలవాటు పడుతుంది.

ఒకటి నుంచి ఎనిమిది వరకు ఎలుకలకు ఒక సీసాలో నీళ్లు, ఒక సీసాలో మందు, అంటే ఆల్కహాల్, కలిపిన నీళ్లు. అవి ఎప్పుడూ ఉంటాయి. తొమ్మిది నుంచి పదహారు వరకు వాటికి మందు సీసా తీసేసి ఆ గురువారానికి పన్నెండు రోజులు. ఇలా తీయడం ఇది మూడోసారి. ఇప్పుడు వాటికి రెండూ నీళ్ల సీసాలే. శశికళ మేత తొట్టి సర్దుతుంటే పన్నెండో ఎలుక ముందుకాళ్ల మీద లేచి ఎడమ గొట్టాన్ని నాకింది, కుడి గొట్టాన్ని నాకింది, మళ్లీ ఎడమ దగ్గరికి పోయింది. తరువాత వరిపొట్టులో ముడుచుకుని పడుకుంది.

"అక్కా, మళ్లీ సున్నాలు పెట్టేశారు," అంది భవ్య వెనకనుంచి. ఈ పరిశోధన ఆమెది. పీహెచ్‌డీ చేస్తోంది. తాత గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడట, మాట మాత్రం ఇంకా అటుదే.

శశికళ రిజిస్టరులోకి తొంగి చూసింది. మందు అని ఉన్న గడుల్లో ఎనిమిది సున్నాలు.

"తాగలే గదమ్మా. సున్న గాదా?"

"సీసా అక్కడ ఉండి తాగకపోతే సున్నా. సీసానే లేనప్పుడు తాగలేదని ఎలా రాస్తాం? మనకు తెలీదంతే. అందుకని అడ్డగీత."

"ఇన్ని దినాలు ఊరికెనే ఉన్నయి గదా అని..."

"అవి ఉన్నాయా, మనం ఉంచామా?" అని భవ్య రబ్బరు అందించింది.

శశికళ సున్నాలు చెరిపి, ఎనిమిది అడ్డగీతలు గీసింది. చెరిపిన పొడిని అరచేత్తో ఊడ్చి, ఆ చెయ్యి చీర కొంగుకు తుడుచుకుంది.

"మందు మళ్ల ఎన్నడు పెడతం?"

"శనివారం, పదింటికి."

"ఈసారి గూడ ఎక్కువనే తాగుతయా?"

"మొదటిసారి పద్నాలుగు వచ్చింది, రెండోసారి పద్దెనిమిది. ఈసారి ఇంకా పెరుగుతుందనే అనుకుంటున్నాం. ఆపకుండా ఇచ్చినవి చూడండి, మొదట్నుంచీ పది గ్రాముల దగ్గరే ఉన్నాయి."

"అదే నలభై ఒక్క దినాలు ఆపితే?"

భవ్య నవ్వింది. "అంత కచ్చితంగా నలభై ఒకటేంటక్కా?"

"ఊకనే అడిగిన."

"ఎన్నాళ్లు ఆపినా మర్చిపోవు. పెట్టిన మొదటి రోజు మీద పడతాయి. ఆ తర్వాత మెల్లగా తగ్గుతాయి. ఆపాలని వాటికి లేదు కదా."

"మందు సీస ఉండంగ తాగని ఎలుక ఎన్నడన్న ఉన్నదా?"

"ఒకటో రెండో ఉంటాయి."

"ఎందుకట్ల?"

"ఎలుక చెప్పదు కదా," అని భవ్య చేతి తొడుగులు విప్పి చెత్తబుట్టలో వేసింది.

బొగ్గులకుంటలో వాళ్లది రెండు గదుల కిరాయి ఇల్లు. శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికే శశికళ తలకు పోసుకుని, తడి జుట్టు ముడి వేసి, పొయ్యి వెలిగించింది. ఇంట్లో స్వామి ఉన్నప్పుడు అన్నీ అలాగే జరగాలి. ఆయన పళ్లెం వేరు, చాప వేరు, బట్టలు ఉతికే బకెట్ వేరు. గోడ మీది, పేజీకి రెండు నెలలుండే క్యాలెండరులో అత్త రోజుకొక కుంకుమ బొట్టు పెడుతూ వచ్చింది. ఆ పొద్దుటిది నలభయ్యోది. క్యాలెండరు పక్క మేకుకు దారం కట్టిన పెన్సిల్ ఒకటి వేలాడుతోంది, పాల లెక్కకు.

"స్వామియే శరణం," అంటూ ఆమె భర్త జితేందర్ పూజ ముగించి లేచాడు. నల్ల పంచె, మెడలో మాల, నుదుట గంధం. కళ్లు తేటగా ఉన్నాయి. ఆబిడ్స్‌లో పేరున్న సూట్ల దుకాణంలో కటింగ్ మాస్టర్ అతను. ఇది నాలుగో మాల. పెళ్లిళ్ల కాలమని సేఠ్ సెలవు ఇవ్వలేదు గనక ఈసారి కొండకు పోవడం లేదు. ఇరుముడి ఇక్కడి గుడిలోనే అప్పజెప్పి, ఆదివారం తల్లి చేత మాల తీయించుకుంటాడు.

అల్పాహారం ముందు అతను తన కత్తెర తీసి, బట్ట విప్పి, అలుగులకు బొట్టు నూనె రాశాడు. దుకాణంలో కత్తెర ఎవరిది వాళ్లదే. పాత న్యూస్‌పేపరు పరిచి సుద్దతో ఒక భుజం వంపు గీశాడు. గీత ఎక్కడా వణకలేదు. కత్తెర ఆ గీత మీదే నడిచింది.

"సోమవారం పదకొండు సూట్లు, మాతా," అన్నాడు. దీక్షలో ఉన్నన్నాళ్లు పెళ్లాన్ని కూడా అలాగే పిలవాలి. "ఒక్క ఇంటియే. పెండ్లికొడుకు షేర్వానీ గూడ అండ్లనే ఉన్నది. సేఠ్ నిన్న నన్ను గల్లా కాడికి పిల్శి చెప్పిండు. పదింటికి టేబుల్ కాడ ఉండాలె. లేకపోతే నీ కత్తెర నువ్వు తీస్కొని పో అన్నడు."

"పోయినేడు సంగతి ఎత్తిండా?"

"ఎత్తకుంట ఉంటడా?"

పోయిన ఏడు మాల తీసిన నాలుగో రోజు అతను తాగిన చేత్తో ఒక పెళ్లికొడుకు షేర్వానీకి రెండూ ఎడమ చేతులే కోశాడు. జరీ బట్ట. అంత బట్ట మళ్లీ దొరకలేదు. ఆ తరువాత ఇంకో వారం తాగుతూనే ఉండి దుకాణం మొహం చూడలేదు. అంతకు ముందటేడు తాగింది మూడు రోజులే. మొదటి మాల అప్పుడు ఒక్క రాత్రి.

"స్వామీ, ఆదివారం నాడు..." అని శశికళ మొదలుపెట్టింది.

"మాల మీద ఆ ముచ్చట్లొద్దు."

అతను కోసిన కాగితాన్ని గోడకు ఆనించి దూరం నుంచి చూశాడు. తరువాత, దానివైపు చూస్తూనే, మామూలు గొంతుతో అన్నాడు:

"పోయినేడు గూడ మొదటి గిలాస నువ్వే పెట్టినవు గదా."

అందులో నింద లేదు. నిందైతే ఆమె జవాబు చెప్పేది. తన తప్పును ఇంకొకరి చేతిలో పెట్టడం మగవాళ్లకు ఎంత సులువో ఆమెకు తెలుసు. ఆ మాటలో అది ఉంది. కానీ ఆ మాట అబద్ధమూ కాదు. ఆ ఇంట్లో మాల తీసేది తల్లి, దీక్ష విడుపు, వాళ్ల మాటలో ఇడుపు, పెట్టేది పెళ్లాం. నలభై ఒక్క రోజుల తరువాత మొదటి మాంసం ముక్క, మొదటి గ్లాసు ఆమె చేతి మీదుగానే రావాలి. మామ బతికి ఉన్నప్పటి నుంచి అదే పద్ధతి.

బయట మెట్ల మీద అత్త ఫోన్‌లో మాట్లాడుతోంది. అవతల అల్లుడు సురేందర్, జితేందర్ అక్క మొగుడు. "మంచిది చూసి తీస్కరా బిడ్డా. పోరడు నలభై దినాలు ఎంత గోసవడ్డడు. ఇంట్లకు మాత్రం తేకు, స్కూటర్ డిక్కీలనే ఉండనియ్యి. మాల తీశినంకనే లోపలికి." ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చి, కోడలు పీట మీద అలాగే కూర్చుని ఉండటం చూసింది.

"ఏందట్ల కూసున్నవ్?"

"ఏం లేదత్తమ్మ. ఈసారి ఆ సీస లేకుంట దావత్ చేద్దమా?"

"చుట్టాల ముంగట ఇజ్జత్ తీస్తవా?" అత్త దేవుడి పటం వైపు చెయ్యి చూపింది. "నలభై దినాలు గాయిన చేతుల ఉన్నడు. బంగారం లెక్క ఉన్నడు. ఒక్క మాట లేదు, ఒక్క తప్పు లేదు. నీ చేతుల పడంగనే గట్లెందుకైతడో జర ఆలోచన చెయ్యి."

శశికళ టిఫిను డబ్బా మూత బిగించి పనికి బయలుదేరింది.

శనివారం పదింటికి భవ్య తొమ్మిదో పంజరం దగ్గర నిలబడి, చేతిలో గడియారం పట్టుకుంది. సీసాలు శశికళ పెట్టాలి. ఎప్పుడూ ఆమె పెడుతుంది, ఎలుకలకు ఆ చెయ్యి అలవాటు. కొత్త చెయ్యి అయితే అవి బెదిరి అంకెలు మారిపోతాయట.

ఎనిమిది మందు సీసాలు ట్రేలో వరుసగా ఉన్నాయి. తూకం వేసి, రాసి, మూతలు బిగించినవి. శశికళ మొదటిది ఎత్తింది. సీసా ఇంకా జాలీకి తగలకముందే తొమ్మిదో ఎలుక లేచి ముక్కు పైకెత్తింది. ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

"అక్కా, టైమ్ పోతోంది."

"ఔ," అంది. పెట్టింది.

గొట్టం లోపలికి దిగీ దిగకముందే గోలీ టకటకమని చప్పుడు మొదలైంది. పదోది పెట్టింది. పదకొండు. వెనక తొమ్మిదిలో ఆ చప్పుడు ఆగలేదు. పన్నెండో ఎలుక రెండు కాళ్లతో గొట్టాన్ని పట్టుకుని, కళ్లు సగం మూసుకుని తాగింది. గడ్డం కింద తెల్లని బొచ్చు తడిసి అతుక్కుపోయింది. పక్కన నీళ్ల సీసా కదలకుండా ఉంది. పదహారుకు చేరేసరికి గదంతా టకటకలతో నిండిపోయింది. ఇటువైపు ఒకటి నుంచి ఎనిమిది ఎలుకల్లో సగం నిద్రపోతున్నాయి. వాటి సీసాలు వాటి పక్కనే ఉన్నాయి.

శశికళ చేతి తొడుగులు తీసి తన కుడి అరచెయ్యి చూసుకుంది. తొడుగు లోపలి పొడి తప్ప అందులో ఏమీ లేదు. సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కుంది.

ఆదివారం కూడా ఎలుకల గదికి సెలవు ఉండదు. పదింటికి తూకాలు వేసింది. ఇరవై రెండు, ఇరవై నాలుగు, పంతొమ్మిది. పన్నెండోది ఇరవై ఏడు. కారినదాని కింద ఒక్కో గ్రాము తీసేసి భవ్య తన కంప్యూటరులో అంకెలు ఎక్కించింది. గీత నిటారుగా పైకి లేచింది.

"చాలా బాగా వచ్చిందక్కా," అంది. తరువాత శశికళ మొహం చూసి, "అదేంటి, దిగాలుగా ఉన్నారు? మనకు కావాల్సింది ఇదే కదా," అంది.

"మీకు మంచిగనే వచ్చిందమ్మా. నేను జర జల్ది పోతా. ఇంట్ల దావత్ ఉన్నది."

ఆబిడ్స్‌లో ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచారు. జనం వంగి వంగి చూస్తున్నారు. శశికళ వాళ్ల పక్కనుంచి, రోడ్డు దిగి, ఆగకుండా నడిచింది. ఇల్లు చేరేసరికి మటన్ వచ్చి ఉంది. ఆడబిడ్డ ఉల్లిగడ్డలు కోస్తోంది. నలభై ఒక్క రోజులు మూలన బోర్లించి ఉన్న కూర గిన్నెను శశికళ తీసి తోమింది. అల్లం, ఎల్లిగడ్డ నూరింది. రెండు విజిళ్లకు కుక్కరు దించి, ముక్క ఒకటి వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ పెట్టింది. అలవాటైన పని. చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి.

ఒంటిగంటకు జితేందర్ గుడి నుంచి వచ్చాడు. గడప దగ్గర తల్లి ఎదురొచ్చి, కొబ్బరికాయ కొట్టి, కొడుకు మెడలోంచి మాల తీసి పాల గిన్నెలో వేసింది. కళ్లు ఒత్తుకుంది. అతను నల్ల పంచె విప్పి, లుంగీ చుట్టుకుని, గీతల అంగీ వేసుకుని చాప మీద కూర్చున్నాడు. ఒక్క నిమిషంలో మనిషి చిన్నవాడైనట్టు కనిపించాడు.

సురేందర్ కిందికి పోయి డిక్కీలోంచి సీసా తెచ్చి చాప మధ్యలో నిలబెట్టాడు. అట్టపెట్టె తీసేశాడు. సీలు అలాగే ఉంది.

"ఇంక స్వామి గాదు, మాస్టరువి," అన్నాడు బావమరిది తొడ మీద చరిచి. "నలభై దినాల సంది నీతోని మాట్లాడాలంటెనే భయమైంది బై. ఏది తిట్టినా పాపమే."

జితేందర్ నవ్వాడు. చూపు మాత్రం సీసా దగ్గర ఆగి, పక్కకు జరిగి, మళ్లీ అక్కడికే వచ్చింది.

"శశీ, పెట్టు," అంది అత్త.

శశికళ విస్తరి పరిచింది. అన్నం పెట్టి, కూర గిన్నెలోంచి వెతికి మంచి ముక్క తీసి ముందు అదే వేసింది. తరువాత లోపలికి పోయి రెండు స్టీలు గ్లాసులు తెచ్చింది. ఒకటి విస్తరికి ఎడమవైపు, ఒకటి కుడివైపు పెట్టింది.

సురేందర్ తొంగి చూశాడు. "చెల్లె, అండ్ల ఒకటి నాకా?"

"రెండు ఆయనకే అన్నా. రెండూ నీళ్లే."

వంటింట్లో కుక్కరు ఆవిరి సన్నగా పోతోంది.

"ఏందే ఈ నకరాలు?" అంది అత్త. "శుభమా అని మాల తీశిన దినం. ఇడుపు నీ చేతుల పని గాదా?"

"ముక్క పెట్టిన గదా అత్తమ్మ." శశికళ గొంతు పెంచలేదు. "సీస గాడనే ఉన్నది. నేను దాశిపెట్టలే, పారబోయలే. నా చేతితోని మాత్రం పొయ్య. ఎవలన్న పోసేటోళ్లు ఉంటే పొయ్యున్రి."

"నేను చెప్తున్న. పొయ్యి."

"మీ చేతితోని పొయ్యున్రి అత్తమ్మ. మీరు కన్నరు గదా."

అత్త తన చేతుల వైపు చూసుకుంది. వేళ్లకు ఇంకా పాలు, గంధం. "ఇప్పుడే మాల తీశిన చేతులు నాయి," అని వాటిని ఒళ్లో పెట్టుకుంది.

సురేందర్ తన భార్య వైపు చూశాడు.

"నన్నేంది చూస్తున్నవ్?" అంది ఆమె. "నేను నీకే పొయ్య, తమ్మునికి పోస్తనా?"

"ఏం ఇల్లురా ఇది," అని సురేందర్ సీసా మెడ పట్టుకున్నాడు. "ఎవలు పోస్తేంది? నేను పోస్త తియ్యి."

"ఉండు బావ," అన్నాడు జితేందర్.

సురేందర్ ఆగాడు. జితేందర్ ఎడమ గ్లాసు ఎత్తి సగం తాగి దించాడు. "ముందుగాల బువ్వ తిననియ్యి. ఆకలైతున్నది."

అతను తిన్నాడు. తలెత్తకుండా, ముక్క కొరికి ఎముక పక్కన పెడుతూ, మూడుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. కుడి గ్లాసు కూడా ఖాళీ చేశాడు. శశికళ చెంబుతో రెండూ నింపింది. సురేందర్ ఒక్కడే తాగడం నామర్దా అనుకున్నాడో ఏమో, సీసా ముట్టుకోలేదు. పోయేటప్పుడు దాన్ని తీసి క్యాలెండరు కింద అరలో పెట్టాడు.

"ఉండనియ్యి చెల్లె. మేం పోంగనే వాడే తీస్తడు. వాని చేతులకు ఏమైంది?"

"ఉండనియ్యి అన్నా," అంది శశికళ.

వాళ్లు వెళ్లాక అత్త అరవైపు, కోడలివైపు చూసింది. "దాన్ని అవతల పారేస్తవా ఏంది?"

"పారెయ్యనత్తమ్మ."

"మరి?"

"గాడనే ఉండాలె."

అత్తకు అర్థం కాలేదు. శశికళ ఎంగిలి విస్తర్లు మడిచి, చాప దులిపి, బోర్లించిన గిన్నెల పక్కన రెండు స్టీలు గ్లాసులూ బోర్లించింది. సాయంత్రం జితేందర్ రెండుసార్లు అర దాకా పోయాడు. ఒకసారి దువ్వెన తీసుకున్నాడు. ఒకసారి ఏమీ తీసుకోలేదు. ఆమె చూడనట్టు బియ్యంలో రాళ్లు ఏరింది.

సోమవారం ఆరింటికి ఆమె లేచేసరికి జితేందర్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అంగీ చెమటకు వీపున అతుక్కుపోయింది. పక్కన చెంబు ఖాళీగా పడి ఉంది. శశికళ అర దగ్గరికి పోయి సీసా కిందికి దించింది. వెలుతురుకు ఎత్తి పట్టి మూత చుట్టూ వేలితో తడిమింది. సీలు చెక్కు చెదరలేదు. తిరిగి అదే చోట పెట్టింది.

"కాంటా కూడ పెడతవా?" అన్నాడు అతను. గొంతు బొంగురుగా ఉంది.

"అవసరం లేదు. కనపడుతున్నది."

"మూడు సార్లు లేశిన రాత్రి."

"మరెందుకు తియ్యలే?"

అతను అరచేతులతో మొహం రుద్దుకున్నాడు.

"ఏమో. నువ్వు పెడితే తాగుతుంటి. అమ్మ పెట్టినా తాగుతుంటి. నాకు నేను లేశి తీస్కునుడంటే... చేతులు అట్లనే ఉండె. తీస్కుంటె తాగినోన్ని నేనే అయిత గదా."

"ఇయ్యాల గూడ గాడనే ఉంటది."

"ఎరికె."

అతను స్నానం చేసి, ఇడ్లీ సగం తిని వదిలేశాడు. కత్తెరను బట్టలో చుడుతుంటే ఒకసారి బట్ట జారింది. విప్పి, మళ్లీ మొదటినుంచి చుట్టి, చంకలో పెట్టుకున్నాడు. గడప దాటుతూ వెనక్కి చూడలేదు. గడియారంలో తొమ్మిదింబావు. బొగ్గులకుంట నుంచి దుకాణం దాకా నడిస్తే పావుగంట.

శశికళ క్యాలెండరు ముందు నిలబడింది. నలభై ఒక్క కుంకుమ చుక్కలు, కొన్ని గుండ్రంగా, కొన్ని అత్త వేలు జారి పొడుగ్గా. వాటి జోలికి ఆమె పోలేదు. అవి దేవుడి లెక్క. దారానికి వేలాడే పెన్సిల్ అందుకుని ఆదివారం గడిలో, మూలకు, చిన్న సున్నా చుట్టింది.

"ఏందే అది?" అంది అత్త వెనకనుంచి. "ఇంకా బొట్టు పెడుతున్నవా? మాల తీశినం గదా."

"బొట్టు గాదత్తమ్మ."

"మరేంది?"

"సున్న."

సోమవారం గడి ఇంకా ఖాళీగానే ఉంది. శశికళ పెన్సిల్ వదిలేసింది. అది దారం మీద అటూ ఇటూ ఊగి, సీసా మూతకు ఒకసారి తగిలి, ఆగింది. ఆమె టిఫిను డబ్బా తీసుకుని నాంపల్లి వైపు నడిచింది. పదింటికి తూకాలు మొదలుపెట్టాలి.